రీడర్ చదవకూడని ముఖం

"దీన్ని ఎవరు తెరిచారు?" అని నేను అడిగే సమయానికి ఆ అమ్మాయి నా నల్ల డబ్బాలో ఆకులు పేర్చుకుంటోంది.

"నేనే. ఖాళీగా ఉంటేనూ."

"ఖాళీ ఎక్కడండీ? అందులో స్ట్రిప్పులు ఉండాలి."

"ఆ కాగితం ముక్కలా? పారేయలేదులెండి. జాగ్రత్తగా కిటికీలో పెట్టాను."

కిటికీలో. అదీ తూర్పు కిటికీలో, పొద్దుటి ఎండలో.

అవి వేలెడు పొడవు కాగితం ముక్కలే, కాదనను. కానీ వాటి చివర నేను పూసిన మందుంది. కామెర్లు వచ్చినవాళ్ళ రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క దాని మీద వేస్తే గులాబీ రంగు తిరుగుతుంది. రోగం ఎంత ముదిరితే గులాబీ అంత ముదురు. పెద్ద మిషను లేని చోట కూడా ఆ రంగు చూసి కామెర్లు ఏ స్థాయిలో ఉన్నాయో చెప్పొచ్చు. నా పీహెచ్‌డీ మొత్తం ఆ రంగు మీదే నిలబడి ఉంది. ఒకటే చిక్కు. వాడకముందు వెలుగు తగిలితే ఆ మందు చచ్చిపోతుంది.

"తెరవకూడదని రాసి ఉంది కదండీ," అన్నాను ఏడవలేక.

"ఎక్కడ?"

మూత తిప్పి చూపించాను. లోపలి వైపు ఎర్ర ఇంకుతో రాసి ఉంది: వెలుగు తగలరాదు, తెరవరాదు.

ఆమె చదివింది. నా వంక చూసింది. మళ్ళీ చదివింది.

"తెరిచాక చదువుకోవాలన్నమాట."

బయట రాస్తే స్పిరిట్‌తో తుడిచినప్పుడల్లా చెరిగిపోతోందని లోపల రాశాను. కారణం శాస్త్రీయమైనదే. కానీ అప్పుడు చెప్తే ఇంకాస్త వెర్రివాడిలా కనిపిస్తానని ఊరుకున్నాను. మా ల్యాబ్ టెక్నీషియన్ పెద్దన్న సింకు వైపు తిరిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మధ్యాహ్నానికి క్యాంటీన్‌లో నా పేరు మూత సార్.

ఆమె వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. వాళ్ళ నాన్న కామెర్లకి ఆకు మందు ఇచ్చే మనిషి. ఆ ఆకు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడమే ఆమె థీసిస్‌లో ఆఖరి ఘట్టం. తేల్చాలంటే కొలవాలి, చవగ్గా కొలిచేది నా స్ట్రిప్పు. అలా మా గైడు మేడమ్‌కి మా ఇద్దరినీ ఒకే ప్రాజెక్టుకి కట్టేయాలని బుద్ధి పుట్టింది.

ఏర్పాటు ఇది. యూనివర్సిటీ ఆసుపత్రిలో డాక్టర్ల వైద్యం ఎలాగూ అందరికీ నడుస్తుంది. దానికి తోడు సగం మంది కామెర్ల రోగులకి ఆకు పొడి నింపిన గుళిక, మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి గుళిక. ఎవరిది ఏదో గుళికలు నింపే ఆమెకి మాత్రమే తెలుసు. స్ట్రిప్పు రంగు చూసి అంకె వేసే రీడర్‌ని నేను. నాకు తెలియకూడదు. ఎందుకంటే లేత గులాబీకీ ఇంకాస్త లేత గులాబీకీ మధ్య న్యాయం చెప్పాల్సింది నా కన్ను ఒక్కటే, కన్ను ఎటు మొగ్గమంటే అటు మొగ్గే సరుకు. దీన్నే బ్లైండ్‌గా చదవడం అంటారు.

"కాబట్టి అధ్యయనం పూర్తయ్యేదాకా మీ ఇద్దరూ మాట్లాడుకోకూడదు," అంది మేడమ్. "పని సంగతే కాదు, అసలేమీ వద్దు. మాటల్లో మాట జారిపోతుంది."

"సంతోషం మేడమ్," అంది ఆమె.

"నాకు ఇంకా సంతోషం," అన్నాను.

"మీరిద్దరైతే ఆ ఇబ్బంది రాదనే ఎంచుకున్నాను."

శాస్త్రవేత్తల అంచనాలు ఇలాగే ఉంటాయి.

మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాణ్ణి నేను. అమ్మ కుట్టుమిషను తొక్కుతూ నాకు నేర్పింది ఒకటే: పరీక్షలో పక్కవాడి పేపరు చూడకు. రూలంటే నాకు దేవుడితో సమానం. అందుకని ఆమెతో మాట్లాడటం మానేశాను. పెద్దన్నతో మాట్లాడటం మొదలుపెట్టాను.

"పెద్దన్నా, సెంట్రిఫ్యూజ్ ఖాళీ అయిందేమో కనుక్కుంటావా?"

ఆమె బల్లకి అవతలే, రక్తం నుంచి సీరం విడదీసే ఆ మిషను పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"అమ్మా, సెంట్రిఫ్యూజ్ ఖాళీయేనా అంటున్నాడు."

"ఖాళీయే అని చెప్పండి. మూత కూడా ఉందని చెప్పండి. బయట వైపు ఏమీ రాసి లేదని కూడా చెప్పండి."

"ఖాళీయేనట," అన్నాడు పెద్దన్న. "మిగతాది నీకు వినపడే ఉంటుంది."

"ఆవిడ ఆకులు నా ర్యాకులోకి పాకుతున్నాయని చెప్పన్నా."

"ఆకులు పాకవు, తీగలు పాకుతాయని చెప్పండి. డిగ్రీలో వృక్షశాస్త్రం లేదేమో పాపం."

"నేను ఉద్యోగానికి చేరినప్పుడు గ్లాసులు కడగడమే అన్నారు," అన్నాడు పెద్దన్న చెయ్యి తుడుచుకుంటూ. "ఈ టపా పని అప్పుడు చెప్పలేదు."

ఒక మధ్యాహ్నం వార్డు నుంచి సీరం ట్యూబుల ఐస్ పెట్టె పట్టుకుని బయటికి వచ్చేసరికి వాన. మామూలు వాన కాదు, ఎదురుగా ఉన్న ల్యాబ్ భవనం కూడా కనపడని వాన. పోర్టికోలో ఆమె నిలబడి ఉంది, చేతిలో గొడుగు. నేను దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాను. ఐస్ కరుగుతోంది. కాసేపు చూసి ఆమె వచ్చి గొడుగు విప్పింది. నా మీద కాదు, పెట్టె మీద. నేను పెట్టెకి అంటుకుని ఉన్నాను కాబట్టి సగం నాకూ అందింది.

"నేను మీతో మాట్లాడటం లేదు," అంది నడుస్తూ. "గొడుగుతో మాట్లాడుతున్నాను."

"దానికి వినపడుతుందంటారా?"

"మూతల కంటే నయం."

నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించింది. "ఈ ఫలితం మా నాన్నకి కావాలి."

"ఆకు సంగతి వద్దండీ."

"ఆకు సంగతి కాదు, నాన్న సంగతి. చదువుకున్నవాళ్ళు దుకాణానికొచ్చి, చూసి, నవ్వి పోతారు. ఆయన ఏమీ అనడు. మీ చదువుల్లోనే ఒక్కసారి తేలితే చాలమ్మా అంటాడు. అందుకే నన్ను చదివించాడు. మా ఇంట్లో ఇంత చదివింది నేనే."

"మా ఇంట్లో కూడా నేనే."

ఆమె మొదటిసారి నా వంక మూత గుర్తుకు రానట్టు చూసింది.

"తేలకపోతే?" అన్నాను.

"తేలకపోతే ఆ మాట నేనే వెళ్ళి చెప్పాలి. ఇంకెవరు చెప్పినా ఆయన తట్టుకోలేడు."

గొడుగు పూర్తిగా పెట్టె మీదికి వంచేసింది. ఇద్దరం తడిసిపోయాం. ట్యూబులు మాత్రం పొడిగా ల్యాబ్ చేరాయి.

ఆ రోజు నుంచి నాకు రోగం మొదలైంది. ఎవరిది ఆకో ఎవరిది ఉత్తిదో తెలియకపోయినా, స్ట్రిప్పు చూసేటప్పుడు అందరిదీ తగ్గాలని మనసు కోరుకునేది. డాక్టరుకైతే అది మంచి గుణం. రీడర్‌కి జబ్బు.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను ట్యూబులు తీసుకోవడానికి వార్డుకి వెళ్ళే వేళకే ఆమె గుళికలు ఇస్తూ మంచం మంచానికీ తిరిగేది. మాట్లాడకూడదన్నారు గానీ చూడకూడదని ఎవరూ అనలేదు కదా అని చూసేవాణ్ణి. ముక్కుపుడక లేని ముక్కు. జారిపోయే కళ్ళజోడు. అందరినీ "ఎలా ఉంది?" అని ఒకేలా అడిగేది. కానీ కొందరి దగ్గర జవాబు విన్నాక కూడా కదిలేది కాదు. వాళ్ళ కంటి తెల్లగుడ్డులోకి వంగి చూసేది. బస్సు డ్రైవరు దగ్గర ఆగింది. పక్క మంచం లెక్కల మాస్టారి దగ్గర ఆగలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాకు తెలిసిపోయింది. ఆగినవాళ్ళది ఆకు.

ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె నోరు రూలు పాటిస్తూనే ఉంది. ఆమె ముఖానికి రూలు గురించి ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం డ్రైవరుగారి స్ట్రిప్పు రంగుల పట్టిక పక్కన పెట్టాను. రెండు గులాబీల మధ్య ఆగింది. లేతదాని అంకె వేశాను. మళ్ళీ చూశాను. లేత కాదు. దాన్ని లేతగా చూసింది నా కన్ను కాదు, ఇంకేదో.

మరో వారానికి ఎథిక్స్ కమిటీ సమీక్ష. పొడవాటి బల్ల, బిస్కెట్లు. ఒక చివర నేను, రెండో చివర ఆమె, మధ్యలో మేడమ్, పెద్ద డాక్టర్లు, ఒక లాయరుగారు.

"ప్రాజెక్టులో ఎవరికైనా బంధుత్వం, సొంత ప్రయోజనం, చెప్పుకోవలసింది ఏమన్నా ఉందా? ఆమె నాన్నగారి ఆకు అన్నది మనకి తెలిసిందే. ఇంకేం లేదు. సరే, తరవాతది," అన్నారు అధ్యక్షులు, జవాబు కూడా ఆయనే ఇచ్చేసుకుని.

"ఉందండీ," అని లేచాను.

అధ్యక్షుల చేతిలో బిస్కెట్ టీ కప్పు మీద ఆగింది.

"నేను ఇక బ్లైండ్ కాదండీ. ఎవరిది ఆకో నాకు తెలిసిపోతోంది."

"ఆ అమ్మాయి చెప్పిందా?" అన్నారు లాయరుగారు.

"లేదండీ. ముఖం చూస్తే తెలుస్తోంది."

"ఎవరి ముఖం? రోగులదా?"

"ఆవిడదండీ."

"ఆవిడ ముఖం మీరెందుకు చూస్తున్నారు? మీ పని స్ట్రిప్పు చూడటం కదా?"

"అదే చెప్దామని లేచానండీ."

బిస్కెట్ విరిగి టీలో పడింది.

"ఇది బంధుత్వం కింద రాయాలా, ప్రయోజనం కింద రాయాలా?" అన్నారు అధ్యక్షులు.

"బంధుత్వం ఇంకా లేదండీ."

"ప్రయోజనమా?"

"అది కూడా ఇప్పటిదాకా ఏమీ లేదండీ."

"రెండో పక్షానికి ఈ సంగతి తెలుసా?" అన్నారు లాయరుగారు, కోర్టులో అలవాటు.

బల్ల రెండో చివరి నుంచి వినపడింది. "ఇప్పుడు తెలిసిందండీ."

"ఏకపక్షం అని రాసుకో," అన్నారు అధ్యక్షులు గుమాస్తాతో.

గుళికలు నింపే మనిషిని వార్డులోకి అసలెందుకు పంపారని మేడమ్‌కి అక్షింతలు పడ్డాయి. వేరే మనుషులు లేరని మేడమ్ చెప్పుకుంది. ఆ అమ్మాయికి వార్డు బంద్, నాకు పట్టిక బంద్. నేను వేసిన అంకెలన్నీ కొట్టేశారు. ఫ్రీజర్‌లో దాచిన సీరం అంతా మళ్ళీ మొదటి నుంచి చదవడానికి ఇంకో డిపార్ట్‌మెంటు కుర్రాణ్ణి పెట్టారు. మా ఇద్దరి ముఖాలూ అతనికి తెలియవు, అదే అర్హత. నా థీసిస్ వచ్చే ఏడాదికి పోయింది. దాన్ని నమ్ముకుని నన్ను పిలిచిన లెక్చరర్ ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

అమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నిజం చెప్పావు, మంచిదే నాయనా. ఉద్యోగానిదేముంది, ఇంకోటి వస్తుంది. కానీ అలాంటివి ముందు ఆ పిల్లకి చెప్తారురా. కమిటీకి కాదు."

ఇప్పుడిక మాట్లాడుకోవచ్చు, రూలు లేదు. ఆమె మాట్లాడటం మానేసింది. పెద్దన్న ద్వారా కూడా. ఆయనకి టపా పని పోయి దిగులు పట్టుకుంది.

చివరికి ఒక రోజు క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నాకు చెప్పకముందు ఎంతమందికి చెప్పారు?"

"కమిటీలో ఉన్నంతమందికీ."

"అందులో ఒకాయన బిస్కెట్ తింటున్నాడు."

"అవునండీ."

"మా డిపార్ట్‌మెంటులో అందరూ ఏకపక్షం గారు ఎలా ఉన్నారని అడుగుతున్నారు. నా ముఖం దాచుకోవడం నాకు చేతకాదని కమిటీ మినిట్స్ పుస్తకంలో ఎక్కింది. యూనివర్సిటీ ఉన్నంతకాలం ఉంటుంది."

"తప్పేనండీ."

"ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మీ చదువు ఈపాటికి అయిపోయేది."

"మీరు వెళ్ళి మీ నాన్నగారికి చెప్పాలి కదండీ," అన్నాను. "నేను మొగ్గిన అంకె పట్టుకెళ్ళి చెప్తే, తెలియకుండానే ఆయనకి అబద్ధం చెప్పినవారయ్యేవారు."

ఆమె నా టీ తీసుకుని తాగేసింది. తనది కాదని గమనించలేదనుకుంటాను.

"ఫలితం వచ్చేదాకా నన్ను ఏమీ అడక్కండి," అంది లేస్తూ. "ఆకు గెలిస్తే సంతోషంలో చెప్పాననుకుంటారు. ఓడితే బాధలో చెప్పాననుకుంటారు. నా జవాబు కూడా బ్లైండ్‌లోనే ఉంటుంది."

ఫలితం రోజు, ఎవరిది ఏ గుళికో చెప్పే కోడ్ మేడమ్ విప్పింది. తెర మీద రెండు గీతలు. ఆకు వేసుకున్నవాళ్ళది ఒకటి, ఉత్తి గుళికవాళ్ళది ఒకటి. రెండూ మెల్లగా కిందికి దిగాయి, ఒకదాని మీద ఒకటి పడుకుని. సందులో సూది దూర్చే చోటు లేదు.

నా స్ట్రిప్పు మాత్రం ఆసుపత్రి పెద్ద మిషను వేసిన అంకెలతో సరిగ్గా సరిపోయింది. గెలిచి అది చెప్పిందేమిటంటే, ఆమె నాన్న ఆకు ఓడిందని. అందరూ నాకు చేతులు కలుపుతుంటే చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"రేపు ఇంటికి వెళ్తున్నాను," అంది ఆమె వరండాలో. "మీరూ రండి."

"నేనెందుకండీ?"

"చెప్పేటప్పుడు పక్కన ఎవరన్నా ఉండాలి."

దుకాణం అంటే ఇంటి ముందు గదే. గోడ నిండా రేకు డబ్బాలు, మూలన రాతి కల్వం, పొడి పొట్లాలు పరిచిన చెక్క బెంచీ. వాళ్ళ నాన్న సన్నటి మనిషి. పొట్లాలు కడుతూ నా నమస్కారానికి తల ఊపారు. కూర్చోమనలేదు.

ఆమె నాన్చలేదు. "నాన్నా, తేలలేదు. ఆకు వేసుకున్నవాళ్ళకీ, ఉత్తి గుళిక వేసుకున్నవాళ్ళకీ ఒకేలా తగ్గింది."

ఆయన చేతులు ఆగలేదు. ఇంకో పొట్లం కట్టి, దారం తెంపి, నన్ను అడిగారు.

"నా దగ్గరికి వచ్చినవాళ్ళు బాగయ్యారు. అది అబద్ధమంటారా?"

"కాదండీ. బాగయ్యారు."

"మరి?"

"రానివాళ్ళు కూడా బాగయ్యారండీ. ఈ రకం కామెర్లు చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి."

చేతులు ఆగాయి. ఆమె కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకోవడం మొదలుపెట్టింది, అది శుభ్రంగానే ఉన్నా.

"కమిటీలో లేచింది మీరేనా?"

"నేనేనండీ."

"లేవకుండా ఉంటే? మా అమ్మాయి మొహం చూసి ఒక పిసరు లేతగా చదివేవాడివా?"

"చదివేవాణ్ణేమోనండీ. అందుకే లేచాను."

"ఇంత దూరం వచ్చి, నా గడపలో నిలబడి, నా ఆకు ఉత్తి గుళికతో సమానమని నాకే చెప్పావు."

"ఉత్తి గుళిక ఎవరినీ ఆసుపత్రికి పంపలేదండీ," అన్నాను. "మగతగా ఉన్నవాళ్ళనీ, పొట్ట ఉబ్బినవాళ్ళనీ మీరు ఆకు ఇవ్వకుండా వెంటనే పంపించేస్తారట. అలా వచ్చి బతికినవాళ్ళని మా వార్డులో చూశాను. ఆకు పెద్దాయన తరిమాడండీ అని చెప్పుకునేవాళ్ళు."

ఆయన దారం చుట్ట కింద పెట్టారు. తరవాత బెంచీ మీది పొట్లాలు ఒక పక్కకి జరిపారు.

"నిలబడే ఉన్నావేం? కూర్చో."

మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో నేను గమనించలేదు. అది కోపమో చనువో తెలియలేదు. బెంచీ ఖాళీ చేశారు కాబట్టి చనువే అనుకుని కూర్చున్నాను.

"వీడితో వేగడం కష్టమే తల్లీ," అన్నారు కూతురితో. "కూర ఎలా ఉందని అడిగినా నిజమే చెప్తాడు."

"వంట తనే చేస్తాడులే నాన్నా. ఎలా ఉందో నేను చెప్తాను."

ఇది జవాబా కాదా అని నేను తేల్చుకునేలోగా గుమ్మంలో ఒకాయన వచ్చి నిలబడ్డాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆకు కావాలన్నాడు. పెద్దాయన లేచి వెళ్ళి కళ్ళు చూశారు, నాలుక చూశారు, పొట్ట నొక్కి చూశారు. నా వంక ఒకసారి చూశారు.

"చూడు బాబూ, ఆకు వేసుకుంటే తగ్గుతుంది. వేసుకోకపోయినా తగ్గుతుంది. సారా ముట్టకు, ఆసుపత్రిలో ఓసారి చూపించుకో. ఆకు మాత్రం అక్కర్లేదు. ఏమంటావు?"

వచ్చినాయన జేబులోంచి డబ్బులు తీశాడు. "ఇంత దూరం వచ్చాను కదండీ, ఎందుకైనా మంచిది, ఆకు కూడా ఇచ్చేయండి."

ఆమె బెంచీ మీద నా పక్కన కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఉంది గానీ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"వంట మాట బాధలో చెప్పారేమో," అన్నాను మెల్లగా. "కావాలంటే ఇంకొన్నాళ్ళు ఆగుతాను."

"బాధగానే ఉంది," అంది నా చెయ్యి పట్టుకుని. "ఆగక్కర్లేదు, నువ్వు."